డబ్బా ఆపేముందు ఒక్కసారి చూడండి

చి. సాహితికీ, చి. తేజకూ, సెలవులకి మీ ఇంట్లో చేరిన మిగతా పిల్లలకూ పెద్దమ్మ ఆశీస్సులు.

వీడియో మధ్యలో సుడి తిరగడం మొదలవగానే మీలో ఎవరో ఒకరు పరుగున వెళ్ళి రౌటర్ స్విచ్ ఆపి, పది లెక్కపెట్టి మళ్ళీ వేస్తారు. చాలాసార్లు నెట్ వచ్చేస్తుంది కూడా. వచ్చింది కాబట్టి అదే మందనుకుంటారు. సాయంత్రానికి మళ్ళీ మొదలు. డబ్బా ఆపినప్పుడు జబ్బుతో పాటు జబ్బు ఆనవాళ్ళు కూడా తుడిచిపెట్టుకుపోతాయి. ఏ లైటు ఎర్రగా ఉంది, డబ్బా ఎంతసేపటి నుంచి ఆగకుండా నడుస్తోంది, ఏ రేడియో ఛానల్ మీద ఉంది, ఇవేవీ ఆ తర్వాత తెలియవు. అందుకని నేను అడిగేది ఒక్కటే. స్విచ్ మీద చెయ్యి వేసే ముందు రెండు నిమిషాలు ఆగి చూడండి.

"వైఫై పోయింది" వేరు, "నెట్ పోయింది" వేరు. వైఫై అంటే మీ ఫోనుకీ ఆ డబ్బాకీ మధ్యనున్న నాలుగు గదుల గాలిదారి మాత్రమే. డబ్బా నుంచి గోడ దాటి, స్తంభాల మీదుగా ఆపరేటర్ ఆఫీసు దాకా పోయేది ఇంకో దారి. ఫోనులో గీతలు నిండుగా ఉన్నా యూట్యూబ్ రాకపోవడం అందుకే. ఆ గీతలకి మొదటి దారి సంగతే తెలుసు.

ముందు లైట్లు. ఫైబర్ డబ్బా మీద పీఓఎన్ అనీ ఎల్ఓఎస్ అనీ రెండుంటాయి. పీఓఎన్ పచ్చగా, కదలకుండా వెలగాలి. ఎల్ఓఎస్ అసలు వెలగకూడదు. అది ఎర్రగా మిణుకుమంటోందంటే తీగలోంచి వెలుతురు మీ ఇంటిదాకా రావట్లేదని అర్థం. అప్పుడు వందసార్లు ఆపి వేసినా ఒరిగేదేమీ లేదు. డబ్బా వెనక గుచ్చిన ఆ సన్నటి తీగ వెంబడి చేత్తో తడుముతూ వెళ్ళండి. సోఫా కాలి కింద నలిగిందా, తలుపు సందులో పడిందా, ఎవరైనా మేకుకి బిగించి చుట్టారా? లోపల ఉన్నది గాజు పోగు. పెద్దవాళ్ళ చేతి గాజు కంటే చిన్న చుట్ట చుడితే వంపు దగ్గర వెలుతురు బయటికి కారిపోతుంది. చివర ఉన్న ఆకుపచ్చ ప్లగ్గు టిక్కుమనేదాకా లోపలికి పోవాలి. ఒక్క హెచ్చరిక: ఆ ప్లగ్గు ఊడదీసి లోపలికి కన్ను పెట్టి చూడకండి. అందులో వచ్చే లేజర్ కంటికి కనపడదు, అందుకే ప్రమాదం.

ఎల్ఓఎస్ ఆరి ఉండి పీఓఎన్ ఒక్కటే మిణుకుమంటుంటే, వెలుతురు వస్తోంది కానీ అవతలి మిషను మీ డబ్బాని ఇంకా గుర్తించలేదు. అయిదు నిమిషాలు చూసి ఆపరేటర్‌కి ఫోన్ చెయ్యండి. అది మీ చేతిలో పని కాదు.

లైట్లన్నీ బాగానే ఉన్నాయి, నెట్ మాత్రం వచ్చిపోతోంది. అసలు చిక్కంతా ఇక్కడే. పూర్తిగా చచ్చినదాన్ని పట్టుకోవడం తేలిక, వచ్చిపోయేదానికి కాపు కాయాలి. కాపు కాసే పనిముట్టు ప్రతి కంప్యూటర్లోనూ ఉంది, దాని పేరు పింగ్. "ఉన్నావా?" అని చిన్న కబురు పంపి, "ఉన్నా" అని జవాబు రావడానికి ఎంతసేపు పట్టిందో అది చెబుతుంది.

విండోస్‌లో స్టార్ట్ నొక్కి సీఎండీ అని కొడితే నల్ల కిటికీ తెరుచుకుంటుంది. అందులో ఇంగ్లీషు అక్షరాల్లో ఐపీకాన్ఫిగ్ (ipconfig) అని కొట్టండి. డిఫాల్ట్ గేట్‌వే అన్న వరుసలో కనిపించే అంకెలే మీ రౌటర్ అడ్రసు. చాలా ఇళ్ళలో అది 192.168.1.1, కొన్నిచోట్ల వేరుగా ఉంటుంది. ఇప్పుడు పింగ్ అని కొట్టి, ఖాళీ వదిలి ఆ అడ్రసు, మళ్ళీ ఖాళీ వదిలి చిన్న అడ్డగీత, దాని పక్కనే టి అక్షరం కొట్టి ఎంటర్ నొక్కండి. ఆపమనేదాకా వరుసలు పడుతూనే ఉంటాయి. ఇంకో నల్ల కిటికీ తెరిచి ఇదే పని 8.8.8.8 కి చెయ్యండి. అది గూగుల్ వాళ్ళ సర్వర్, బయటి దారికి గీటురాయి లాంటిది. రెండు కిటికీలూ పక్కపక్కన పెట్టుకుని, నెట్ పోయే వేళకి చూస్తూ ఉండండి. ఆపాలంటే కంట్రోల్, సి.

రౌటర్ కిటికీలో అంకెలు 1 నుంచి 5 మిల్లీ సెకన్ల మధ్య ఉండాలి. అప్పుడప్పుడూ 20, 30 వస్తే కంగారు లేదు. అదే 300, 800 అని ఎగురుతున్నా, రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్ అని పడుతున్నా తప్పు గాలిదారిలో ఉంది. ఆపరేటర్‌ని తిట్టి లాభం లేదు. రౌటర్ కిటికీ నిలకడగా ఉండి 8.8.8.8 ది మాత్రమే తెగుతుంటే తప్పు బయట ఉంది, ఇంట్లో రౌటర్ని ఎక్కడికి జరిపినా ప్రయోజనం లేదు. రెండూ బాగుండి వెబ్‌సైట్లు మాత్రం తెరుచుకోకపోతే, పేరుని అంకెల్లోకి మార్చే డీఎన్ఎస్ పట్టీ దగ్గర ఇబ్బంది. రౌటర్ అడ్రసుని బ్రౌజర్లో కొడితే దాని సెట్టింగుల పేజీ వస్తుంది. అందులో డీఎన్ఎస్ స్థానంలో 8.8.8.8, దాని కింద అలాంటిదే ఇంకో సర్వర్ 1.1.1.1 పెట్టి చూడండి. సందేహం మిగిలితే ల్యాప్‌టాప్‌ని లాన్ తీగతో (కంప్యూటర్ని రౌటర్‌కి కలిపే తీగ) నేరుగా డబ్బాకి కలిపి, వైఫై ఆపేసి ఇదే పరీక్ష మళ్ళీ చెయ్యండి. ఈ పరీక్ష చెయ్యకుండా కొత్త రౌటర్ కొనమని మీ నాన్నని పోరడం నాకు నచ్చదు.

తప్పు గాలిదారిలోనే అని తేలిందనుకుందాం. గీతల్ని నమ్మకండి, అంకె చూడండి. ఆండ్రాయిడ్ ఫోన్లకి వైఫై అనలైజర్ తరహా యాప్‌లు ఉచితంగా దొరుకుతాయి. వాటిలో సిగ్నల్ బలం డీబీఎం అనే కొలతలో, మైనస్ గుర్తుతో కనపడుతుంది. మైనస్ 50 అంటే దివ్యం. మైనస్ 67 దాకా వీడియో కాల్ హాయిగా నడుస్తుంది. మైనస్ 75 దాటితే తెగడం మొదలు. ఈ లెక్కలో మూడు దిగితే బలం సగమైపోతుంది, పది దిగితే పదో వంతు మిగులుతుంది. అంటే 67కీ 77కీ తేడా మీరు అనుకున్నంత చిన్నది కాదు.

ఆ అంకె ఎక్కడ పడిపోతోందో ఇల్లంతా తిరిగి చూడండి. కేబుల్ బిగించడానికి వచ్చిన కుర్రాడు తీగ ఎక్కడిదాకా అందితే అక్కడే, సాధారణంగా వీధి గుమ్మం పక్కనో టీవీ వెనకో, డబ్బా పెట్టి వెళ్ళిపోతాడు. సగం సిగ్నల్ రోడ్డు మీద పోయేవాళ్ళకి. ఇనప బీరువా, ఫ్రిజ్, నిలువుటద్దం, చేపల తొట్టె, ఇవి దారికి అడ్డం ఉండకూడదు. ఇనుము తిప్పికొడుతుంది, అద్దం వెనక పూత కూడా అంతే, నీళ్ళు తాగేస్తాయి. ఇంటికి నడిమధ్య, మనిషి తల ఎత్తున, నాలుగు పక్కలా గాలాడేచోట పెట్టండి. పది పదిహేను మీటర్ల లాన్ తీగ ఖరీదు కొత్త రౌటర్ ఖరీదులో పిసరంత. అందం కోసం చెక్క అలమరలో మూసిపెట్టి, పైన బట్ట కప్పి, మన ఎండల్లో ఉడకబెడితే అది మొరాయించక ఏం చేస్తుంది?

డబ్బా కొమ్ముల, అంటే యాంటెన్నాల, సంగతి: ఒక గారెకి మధ్య చిల్లులోంచి పుల్ల గుచ్చినట్టు ఊహించుకోండి. పుల్ల యాంటెన్నా, గారె సిగ్నల్. నాలుగు పక్కలకీ బాగా పోతుంది, పుల్ల కొన వైపు దాదాపు ఏమీ పోదు. ఒకే అంతస్తు ఇల్లయితే అన్నీ నిటారుగా ఉంచండి. మేడ మీద గదికి కూడా కావాలంటే ఒకదాన్ని అడ్డంగా పడుకోబెట్టండి. శ్లాబు మాత్రం మందం, లోపల ఇనప చువ్వల వల, కొంత ఓడిపోక తప్పదు.

ఇక అపార్ట్‌మెంట్ల గొడవ. 2.4 గిగాహెర్ట్జ్‌లో (వైఫై వాడే రేడియో తరంగాల వరసల్లో ఒకటి) మన దేశంలో 1 నుంచి 13 దాకా ఛానళ్ళు, అంటే నంబర్లు వేసిన దారులు, ఉన్నాయి. పదమూడని మురిసిపోకండి. పక్కపక్క నంబర్ల మధ్య దూరం 5 మెగాహెర్ట్జ్, రౌటర్ మాట్లాడడానికి కావలసిన వెడల్పు 20, అంచుల్లో ఇంకాస్త. కాబట్టి ఒకదాన్నొకటి తాకకుండా పట్టేవి మూడే: 1, 6, 11. యాప్‌లో ఇరుగుపొరుగు డబ్బాలన్నీ కొండల్లా కనిపిస్తాయి. 1, 6 మీద జనం ఎక్కువ, 3 ఖాళీగా ఉంది కదా అని అక్కడికి పోవద్దు. ఒకే నంబరు మీద ఉన్న రౌటర్లు ఒకదాని మాట ఇంకొకటి విని, వంతులవారీగా మాట్లాడుకుంటాయి. నెమ్మదిస్తాయి కానీ తగవుండదు. మధ్య నంబరులో దూరినవాడికి రెండు పక్కల వాళ్ళూ అర్థం కారు, వాళ్ళకి వీడు అర్థం కాడు. పక్క వీధి మైకు మన ఇంట్లో మాటల మీద పడ్డట్టే. ఆ మూడింటిలో తక్కువ రద్దీ ఉన్నది ఎంచి, ఛానల్ వెడల్పు 20కి కట్టేయండి. 40 పెడితే స్పీడు రెట్టింపవుతుందన్న ఆశ పల్లెటూరి ఒంటరి ఇంటికి సరే, ఆరంతస్తుల భవనంలో అది మీకూ పక్కవాళ్ళకీ కూడా నష్టమే.

డబ్బా ఆపి వేస్తే ఎందుకు బాగుపడుతుందన్న ప్రశ్నకి సగం జవాబు కూడా ఇక్కడే ఉంది. చాలా రౌటర్లు ఆటో అని పెట్టినప్పుడు లేచే క్షణంలోనే ఛానల్ ఎంచుకుంటాయి. మధ్యాహ్నం మూడింటికి ఖాళీగా కనపడిన చోటు రాత్రి ఎనిమిదికి కిక్కిరిసిపోతుంది, అది మాత్రం అక్కడే కూర్చుంటుంది. మళ్ళీ ఆపి వేస్తే మళ్ళీ వెతుక్కుంటుంది.

దగ్గరి గదుల్లో ఉండే టీవీనీ ల్యాప్‌టాప్‌నీ వైఫై వాడే ఇంకో వరస అయిన 5 గిగాహెర్ట్జ్ మీదకి మార్చేయండి. అక్కడ చోటు ఎక్కువ, వంటింటి మైక్రోవేవ్ గోల ఉండదు. ఆ పొయ్యి 2.4 దరిదాపుల్లోనే పనిచేస్తుంది మరి. కాకపోతే 5 గోడలకి త్వరగా అలిసిపోతుంది. అందులోనూ ఒక మెలిక ఉంది. 52 నుంచి 144 వరకు ఉన్న ఛానళ్ళలో రాడార్లకే ముందు హక్కు. రౌటర్ కనీసం 60 సెకన్లు చెవి ఒగ్గి విన్నాకే అక్కడ నోరు తెరవాలి. రాడార్ వినపడితే వెంటనే ఖాళీ చేసి 30 నిమిషాలు అటు రాకూడదు. 5 గిగాహెర్ట్జ్ వైఫై పేరు ఉన్నట్టుండి అన్ని ఫోన్లలోంచీ ఒకేసారి మాయమై కాసేపటికి తిరిగొస్తుంటే, 36 గానీ 149 గానీ పెట్టి చూడండి.

కరెంటు సంగతి చాలామంది తలుచుకోరు. రౌటర్ పేజీలో స్టేటస్ అన్నచోట అప్‌టైమ్ అని ఉంటుంది. డబ్బా ఎంతసేపటి నుంచి ఆగకుండా నడుస్తోందో చెప్పే లెక్క అది. ఎవరూ ముట్టుకోకపోయినా అది పదిహేను నిమిషాలే చూపిస్తోందంటే డబ్బా తనంతట తానే పడి లేచిందన్నమాట. స్విచ్ ఆపితే చెరిగిపోతాయని మొదట్లో చెప్పిన ఆనవాళ్ళలో ఇదొకటి. వేడి కారణం కావచ్చు, ఎక్కువసార్లు అడాప్టర్. లోపలి కెపాసిటర్లు మూడు నాలుగేళ్ళకి ముసలివైతే, అందరూ ఒకేసారి నెట్ వాడుతున్నప్పుడు వోల్టేజీ కుంగుతుంది, డబ్బా కళ్ళు తేలేస్తుంది. కొత్తది కొనేటప్పుడు పాతదాని మీద అక్షరాలు చదవండి. 12 వోల్టులుంటే సరిగ్గా 12 వోల్టులే. 1 ఆంపియరు ఉంటే 1 గానీ అంతకంటే ఎక్కువ గానీ, తక్కువ వద్దు. పిన్ను లావు, మధ్యలో ప్లస్సా మైనస్సా అన్న బొమ్మ కూడా కలవాలి.

కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునే రెప్పపాటులో కూడా బలహీనమైన అడాప్టర్ చేతులెత్తేస్తుంది. ఇన్వర్టర్‌కి యూపీఎస్ మోడ్ స్విచ్ ఉంటే అటు తిప్పించండి, లేదా రౌటర్ల కోసమే అమ్మే చిన్న 12 వోల్టుల బ్యాటరీ పెట్టండి. అంతా చేశాక కూడా వీధిలో కరెంటు పోయినప్పుడల్లా నెట్ పోతోందా? అయితే దారిలో ఎక్కడో ఆపరేటర్ పెట్టెకి బ్యాటరీ లేదు, అది వాళ్ళనే అడగాలి.

పాత రౌటర్ ఉంది కదా అని మేడ మీద తగిలించిన ఇళ్ళలో ఇంకో రకం తంటా. రెండు డబ్బాలూ ఫోన్లకి అడ్రసులు పంచడం మొదలుపెడతాయి. ఊరికి ఇద్దరు పోస్ట్‌మాస్టర్లన్నమాట. ఒకరికి నెట్ వస్తుంది, ఒకరికి రాదు, పది నిమిషాల తర్వాత తారుమారు. పాతదాన్ని ఒంటరిగా ల్యాప్‌టాప్‌కి కలిపి, దాని అడ్రసు 192.168.1.2 చేసి, అడ్రసులు పంచే పని అయిన డీహెచ్‌సీపీ ఆపేయండి. తర్వాత కింది డబ్బా లాన్ రంధ్రం నుంచి దీని లాన్ రంధ్రానికే తీగ కలపండి, వాన్ అన్న రంధ్రాన్ని (బయటి నెట్ వచ్చేది) వదిలేయండి. కింది డబ్బా అడ్రసు 192.168.1.1 కానిచోట అంకెలు దాన్నిబట్టి మార్చుకోవాలి. తీగ లేకుండా సిగ్నల్ అందించే ఎక్స్‌టెండర్లయితే స్పీడు చాలావరకు సగం తినేస్తాయి. తప్పదనుకుంటే సిగ్నల్ లేని గదిలో కాదు, ఇంకా బాగా ఉన్న సగం దారిలో పెట్టండి.

ఇన్ని చూశాక తప్పు బయటిదే అని తేలితే ఫోన్ చెయ్యండి, కానీ "నెట్ స్లో" అనకండి. అలా అంటే "ఆపి వేయండి" అనే జవాబే వస్తుంది. ఇలా చెప్పండి: "రాత్రి 8:40 నుంచి 9:15 దాకా, లాన్ తీగ మీద చూశాం. రౌటర్ పింగ్ ఒక మిల్లీ సెకను, బయటి పింగ్ పదిలో మూడు పోతున్నాయి. ఎల్ఓఎస్ వెలగలేదు, అప్‌టైమ్ ఆరు రోజులు." స్పీడు గురించి అడిగేటప్పుడు 100 మెగాబిట్ల ప్లానులో డౌన్‌లోడ్ సెకనుకి 12 మెగాబైట్లు చూపిస్తే అది పూర్తి స్పీడే అని గుర్తుంచుకోండి. ఎనిమిది బిట్లు ఒక బైటు.

ఇట్లు,
మీ పెద్దమ్మ

తా.క. డబ్బా వెనక సూది దూరేంత చిన్న రంధ్రం ఉంటుంది, పక్కన రీసెట్ అని రాసి ఉంటుంది. తేజా, నీకే చెబుతున్నాను. ఆపి వేయడం వేరు, అది నొక్కడం వేరు. పది సెకన్లు నొక్కావంటే వైఫై పేరుతో పాటు ఆపరేటర్ ఇచ్చిన యూజర్ పేరు, పాస్‌వర్డ్ కూడా చెరిగిపోవచ్చు, మళ్ళీ వాళ్ళ మనిషి వచ్చేదాకా ఇల్లంతా చీకటే. ముందుగా సెట్టింగుల పేజీలన్నిటికీ ఫోటోలు తీసి మీ అమ్మ ఫోన్లో దాచిపెట్టు.