హైస్కూల్ నుంచి డ్రాయింగ్ బోర్డు ఎట్లా జారిపోయింది? నెల్లూరు, ప్రకాశం వైపు నుంచి ఒక నేపథ్యం

పాలిటెక్నిక్ ఫస్టియర్‌లోనో ఐటీఐలోనో చేరిన పిల్లల్ని ఏ సబ్జెక్టుకి భయపడుతున్నారని అడగండి, చాలామంది ఇంజనీరింగ్ డ్రాయింగ్ పేరే ముందు చెప్తారు. టెన్త్ లెక్కల్లో తొంభై దాటిన పిల్లోడు కూడా, ఒక చెక్క దిమ్మ చేతికిచ్చి దీన్ని ముందు నుంచి చూస్తే ఎట్లుంటుంది పైనుంచి చూస్తే ఎట్లుంటుంది రెండూ గీయరా అంటే పెన్సిల్ పట్టుకుని ఆగిపోతాడు. పదహారేళ్లు వచ్చేదాకా వాణ్ణి ఆ పని అడిగినోళ్లే లేరు గదా. ఇందులో పిల్లల తప్పు లేదు, అక్కడ పాఠం చెప్పే సార్ల తప్పూ లేదు. హైస్కూల్లో దొరకాల్సిన చదువొకటి మధ్యలో జారిపోయింది, అది ఒక్కరోజులో జరిగింది కాదు.

అసలు ఈ విద్య మొదలే టీచర్లతో ముడిపడి ఉంది. ఫ్రాన్స్‌లో గాస్పార్ మోంజ్ అనే కుర్రాడు 1760ల్లో మిలిటరీ స్కూల్లో పనిచేస్తా, కోట గోడల ఎత్తులు తేల్చడానికి పెద్ద పెద్ద లెక్కలు చేయాల్సిన చోట రెండు తలాల మీద గీతలు గీసి జవాబు రాబట్టాడు. సైన్యం దాన్ని చాలా ఏళ్లు రహస్యంగా దాచిపెట్టుకుంది. విప్లవం తర్వాత 1795లో పారిస్‌లో మోంజ్ దాన్ని బహిరంగంగా చెప్పినప్పుడు ఎదురుగా కూర్చున్నది ఎవరంటే, ఎకోల్ నార్మాల్‌లో ట్రైనింగ్‌కి వచ్చిన కాబోయే టీచర్లు. నాకు ఇది చాలా పెద్ద విషయం అనిపిస్తుంది. తర్వాత 1822లో కేంబ్రిడ్జిలో విలియం ఫారిష్ ఐసోమెట్రిక్ పద్ధతి రాశాడు, మన పిల్లలు ఇప్పుడు చుక్కల కాగితం మీద గీసే పెట్టె బొమ్మలకి మూలం అదే.

మన దగ్గరికి ఇది మద్రాసు మీదుగా వచ్చింది. 1850లో అలెగ్జాండర్ హంటర్ అనే డాక్టరు మద్రాసులో సొంతంగా ఆర్ట్ స్కూలు పెట్టాడు, తర్వాత సర్కారు దాన్ని తీసుకుంది. నెల్లూరు జిల్లా అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోదే, కనిగిరి, పొదిలి, దర్శి కూడా 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేదాకా నెల్లూరువే. ఆ రోజుల్లోనే పెన్నా మీద నెల్లూరు ఆనకట్ట, తర్వాత 1880ల్లో సంగం ఆనకట్ట కట్టారు. ఆనకట్ట కట్టాలంటే ముందు కాగితం మీద దాని నిలువు కోత, అడ్డకోత ఉండాలి, ఒక ప్లాన్‌కి పది కాపీలు చేతితో గీసేవాళ్లు ఉండాలి. అట్లా డ్రాయింగ్ వస్తే పీడబ్ల్యూడీలో, అంటే సర్కారు కట్టడాల శాఖలో, ఉద్యోగం అనే దారి పడింది, సర్కారు టెక్నికల్ పరీక్షలు వచ్చాయి, డ్రాయింగ్ లోయర్, హయ్యర్ అని. ఈ పరీక్షలు మన రాష్ట్రంలో ఇప్పటికీ జరుగుతున్నాయి, డ్రాయింగ్ మాస్టారు కావాలనుకునేవాళ్లు ఇప్పటికీ రాస్తున్నారు.

1882లో ఇంకో హంటర్, విలియం హంటర్ కమిషన్, హైస్కూల్ని రెండు దారులు చేయమంది, ఒకటి యూనివర్సిటీకి పోయేది, ఇంకోటి వ్యాపారం, పనులవైపు పోయేది. కాగితం మీద బాగుంది గానీ జనం మొదటి దారికే పోయారు, ఎందుకంటే గుమస్తా ఉద్యోగం అటువైపే ఉంది. 1937లో గాంధీగారు వార్ధాలో చేతిపని చుట్టూ చదువు అన్నారు, బేసిక్ స్కూళ్లు వచ్చాయి, రాట్నం వచ్చింది.

ఇక్కడ ఒక విషయం దాటేసి పోకూడదు. 1953లో మద్రాసు ముఖ్యమంత్రి రాజాజీ పల్లెల్లో ప్రైమరీ పిల్లలకి రోజుకి ఒక పూటే బడి, మిగతా టైంలో ఇంట్లో తండ్రి చేసే పని నేర్చుకోవాలి అని స్కీం తెచ్చారు. కుమ్మరి కొడుకు కుమ్మరి పనే, చాకలి కొడుకు చాకలి పనే నేర్వాలా అని జనం మండిపడ్డారు, దాన్ని కులవిద్య అన్నారు, 1954లో మద్రాసులో ఎత్తేయాల్సి వచ్చింది. ఆ కోపం నూటికి నూరుపాళ్లు న్యాయమైంది. కానీ దాని నీడ చాలా దూరం పడింది, బడిలో చేతిపని అన్నా, గీతపని అన్నా, మా పిల్లల్ని మళ్లీ కొట్టంలోకి తోస్తున్నారేమో అనే అనుమానం తల్లిదండ్రుల్లో నిలిచిపోయింది. ప్లాన్ గీయడం వడ్రంగి కొడుకుని వడ్రంగిగానే ఉంచే విద్య కాదు, వడ్రంగిపని చేసేవాడికీ ఇంజనీరుకీ మధ్య ఉన్న గోడ దాటించే విద్య అది, ఈ తేడాని ఎవరూ విడమరిచి చెప్పలేదు.

సరిగ్గా ఆ ఏళ్లలోనే మంచి అవకాశం ఒకటి వచ్చింది. 1952-53 సెకండరీ ఎడ్యుకేషన్ కమిషన్, దానికి చైర్మన్ మద్రాసు యూనివర్సిటీ వైస్ చాన్సలర్ లక్ష్మణస్వామి మొదలియార్, మల్టీపర్పస్ హైస్కూళ్లు పెట్టమన్నారు. ఏడు గ్రూపులు, అందులో టెక్నికల్ గ్రూపులో అప్లైడ్ మేథ్స్‌తో కలిపి జామెట్రికల్ డ్రాయింగ్ ఉంది. లెక్కలూ గీతా ఒకే పేపర్లో! అంతకన్నా తెలివైన ఏర్పాటు తర్వాత నాకు కనపడలేదు. కానీ బోర్డులు, వర్క్‌షాపులు, చెప్పగలిగే సార్లు అంతమంది ఎక్కడ దొరుకుతారు, చాలాచోట్ల పేరుకే మిగిలింది. 1969లో మన రాష్ట్రంలో రెండేళ్ల ఇంటర్ వచ్చాక హైస్కూల్ పదితో ఆగిపోయింది, ఎంపీసీ బైపీసీ లెక్క మొదలైంది. కొఠారీ కమిషన్ వర్క్ ఎక్స్‌పీరియెన్స్ అంది, 1977లో ఈశ్వర్‌భాయ్ పటేల్ కమిటీ ఎస్‌యూపీడబ్ల్యూ, అంటే సమాజానికి పనికొచ్చే ఉత్పత్తి పని, అంది, పేర్లు మారాయి గానీ పబ్లిక్ పరీక్షలో మార్కుల్లేని పీరియడ్‌ని ఏ హెడ్మాస్టరూ కాపాడలేడు, టెన్త్ దగ్గరపడితే అది లెక్కల స్పెషల్ క్లాసు అయిపోతుంది. ఎంసెట్ కూడా మేథ్స్, ఫిజిక్స్, కెమిస్ట్రీ మాత్రమే అడిగింది. 2009 విద్యాహక్కు చట్టంలో ఆరు నుంచి ఎనిమిది దాకా, వందమందికి పైన పిల్లలుంటే ఆర్ట్‌కీ, వర్క్ ఎడ్యుకేషన్‌కీ పార్ట్ టైం ఇన్‌స్ట్రక్టర్లు ఉండాలని రాశారు, పార్ట్ టైం అని రాయడంలోనే దాని స్థానం తెలిసిపోతుంది.

మన చుట్టూ చూస్తే బాధేస్తుంది, ఎందుకంటే గీత అవసరమైన పనులు ఇక్కడ నిండుగా ఉన్నాయి. ఉదయగిరి చెక్క గరిటెలు, స్పూన్లు చూడండి, గుంట ఎంత లోతు, కాడ ఎక్కడ సన్నబడాలి అన్నది పనివాళ్ల చేతిలోనే ఉంటుంది, కాగితం మీద ఉండదు, అదే స్పూను దూరంలో ఉన్న కొనుగోలుదారుకి కొలతలతో పంపాలంటే మూడు వైపుల బొమ్మ కావాలి. వెంకటగిరి చీర డిజైను గ్రాఫ్ కాగితం మీద గడి గడిగా వేసుకుంటారు, అది టెక్నికల్ డ్రాయింగ్ కాకపోతే ఇంకేంది? చీమకుర్తి గ్రానైట్ కోసే మిషన్లకి ఇప్పుడు కంప్యూటర్లో డ్రాయింగ్ ఫైలు ఇస్తున్నారు. దేశమంతా పిల్లలు అక్షరాలు దిద్దిన పలకలు చేసిన మార్కాపురం ఉన్న జిల్లాలో హైస్కూల్ పిల్లోడికి టీ-స్క్వేర్, అంటే బోర్డు మీద అడ్డగీతలు గీసే టీ ఆకారపు స్కేలు, తెలియదంటే మనసొప్పదు.

చెప్పే పద్ధతిలో కూడా ఒక చిక్కు ఉంది. మన దేశంలో బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ప్రమాణం ప్రకారం ఫస్ట్ యాంగిల్ ప్రొజెక్షన్ వాడతారు, అంటే పైనుంచి చూసిన బొమ్మ ముందు బొమ్మకి కింద వస్తుంది. అమెరికా వాళ్లది థర్డ్ యాంగిల్, అక్కడ అది పైన వస్తుంది. స్కూళ్లకీ కాలేజీలకీ అని బీఐఎస్ ఎస్‌పీ 46 పేరుతో ప్రత్యేకంగా పుస్తకమే వేసింది, కానీ పిల్లలు యూట్యూబ్‌లో అమెరికా వీడియో చూసి నేర్చుకుని, క్లాసులో తిరగబడిన బొమ్మ వేసి, ఎందుకు కొట్టేశారో అర్థంకాక సబ్జెక్టునే వదిలేస్తున్నారు. ఎనిమిదో తరగతిలోనే ఒక అట్టపెట్టెని మూడు అట్టల మధ్య పెట్టి, నీడ ఏ అట్ట మీద పడుతుందో చూపించి, తర్వాత ఆ అట్టల్ని విప్పి పరిస్తే ఈ గందరగోళం ఉండదు, దీనికి ఖర్చు కూడా ఏమీ లేదు.

ఇప్పుడు సామాన్లకి కొదవ లేదు. 2016 నుంచి బళ్లలో పిల్లలు వస్తువులు చేసి చూసే అటల్ టింకరింగ్ ల్యాబులు, త్రీడీ ప్రింటర్లు వచ్చాయి, 2019 నవంబర్ 14న సర్కారు బళ్లని బాగుచేసే నాడు-నేడు మొదలుపెట్టింది మన ఒంగోల్లోనే, ఆ తర్వాత క్లాసుల్లోకి పెద్ద డిజిటల్ ప్యానెళ్లు వచ్చాయి, జామెట్రీ బొమ్మలు గీసే జియోజీబ్రా సాఫ్ట్‌వేర్ ఫ్రీగా దొరుకుతుంది. 2020 జాతీయ విద్యా విధానం ఆరో తరగతి నుంచి వృత్తి విద్య అంటోంది. కానీ పెట్టెని మూడు వైపులా మనసులో తిప్పి చూడలేని పిల్లోడికి త్రీడీ ప్రింటర్ ఇస్తే, ఇంటర్నెట్లో ఎవరో గీసిన బొమ్మ డౌన్‌లోడ్ చేసి ప్రింట్ తీయడమే మిగులుతుంది.

నేను అడిగేది కొత్త సబ్జెక్టు కాదు. ఘనాకారాల్ని కాగితం మీద చూపించే పాఠం లెక్కల పుస్తకంలో ఎప్పట్నుంచో ఉంది, మార్కులు తక్కువని త్వరగా దాటేస్తున్నారు. ఆ పాఠాన్ని లెక్కల సారూ డ్రాయింగ్ సారూ కలిసి చెప్పాలి, ఒక టర్మంతా వారానికి రెండు పీరియడ్లు స్కేలు, సెట్‌స్క్వేర్లతో గీయించాలి, ఫార్మేటివ్ మార్కుల్లో ఆ షీట్లనే లెక్కేయాలి. డ్రాయింగ్ సారు లేని స్కూళ్లకి లోయర్, హయ్యర్ పాసై ఖాళీగా ఉన్నవాళ్లు దగ్గర ఊళ్లలోనే దొరుకుతారు.