వార్త చివర ఒక వాక్యం

తిరుపతి పత్రికా కార్యాలయాల్లో డెస్కు (విలేకరులు పంపిన వార్తలను సరిదిద్దే విభాగం) బాధ్యులను వేధిస్తున్న చిక్కు ఒకటుంది: వేగంగా వచ్చే వార్తను సరిచూసి, సంబంధితుల వివరణ చేర్చేందుకు వ్యవధి లేకపోవడం. ఇది వాట్సాప్‌తో మొదలైందని చాలామంది అంటారు గానీ, దాని మూలాలు జిల్లా సంచికల కాలంలోనే ఉన్నాయి.

1914లో దినపత్రికగా మారిన ఆంధ్రపత్రిక, 1938లో పుట్టిన ఆంధ్రప్రభ మద్రాసులో అచ్చయి ఇటు వచ్చిన రోజుల్లో, పలమనేరులో జరిగిన చిన్న గొడవకు వాటిలో చోటు దొరకడం అరుదు. 1982లో ఈనాడు తిరుపతి సంచిక, 1985లో మండలాలు, ఆ దశాబ్దం చివర జిల్లా అనుబంధాలు వచ్చాక మండలానికొక విలేకరి అవసరమయ్యాడు. అతడు కాగితంపై రాసిన వార్తలు కవరులో, ఆర్టీసీ బస్సులో తిరుపతి చేరేవి. కుప్పం కవరు ఆలస్యమైతే డెస్కులో అందరూ విసుక్కునేవారే. అయినా అది చేరడానికీ, పేజీ అచ్చుకు వెళ్లడానికీ మధ్య దొరికిన కాస్త వ్యవధిలోనే సబ్ ఎడిటరు అనుమానమున్న పేరుకు ఎర్ర సిరాతో సున్నా చుట్టి, ఫోనెత్తి అడిగేవాడు. ‘ఈ విషయమై ఎమ్మార్వోను వివరణ కోరగా...’ అనే వాక్యం వార్త చివర చేరింది అలాగే.

చివర ఉండడమే దానికి చేటయింది. ఆఖరి నిమిషంలో ప్రకటన వస్తే వార్తను కింది నుంచి కోస్తారు కాబట్టి, ముందుగా పోయేది వివరణే. ప్రకటనలు తెచ్చే బాధ్యతను కూడా విలేకరిపైనే మోపిన చోట, ఎవరిని వివరణ అడగాలన్నది సైతం ఇబ్బందికరమైంది. 2009 ఎన్నికల నాటి చెల్లింపు వార్తలపై (డబ్బు తీసుకుని వార్తల రూపంలో వేసిన ప్రచారంపై) మరుసటి ఏడాది ప్రెస్ కౌన్సిల్ నివేదిక వచ్చేదాకా దీనిపై బహిరంగ చర్చ తక్కువే.

2020 లాక్‌డౌన్‌లో ప్రకటనలు పడిపోయి జిల్లా పేజీలు కుంచించుకుపోయాయి. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడి, గూడూరు, సూళ్లూరుపేట ఇటు చేరి, మదనపల్లె అన్నమయ్య జిల్లాకు వెళ్లడంతో ఎవరి వార్త ఏ డెస్కుదన్నదీ మారింది. ఇప్పుడు ఫోనులో పంపిన వార్త నిమిషాల్లో వెబ్‌సైటుకెక్కుతోంది. తిరుమల క్యూలైన్లపై ఒక్క పుకారు చాలు, రైలెక్కబోయే భక్తుడు ఆగిపోవడానికి.

నేను పనిచేసిన ఒక డెస్కులో బాధ్యుడు వేగాన్ని అడ్డుకోలేదు; వివరణను వార్త రెండో పేరాలోకి మార్పించారు. సంబంధిత అధికారి ఫోనెత్తకపోతే, ఎన్ని గంటలకు ఫోను చేశామో ఆ పేరాలోనే రాయించేవారు.