సీసం పోతే పాత జోడుగొట్టాల తుపాకీ గతేమిటి?

బ్రిటన్‌లో గ్రౌజ్ పక్షుల వేట ఏటా ఆగస్టు 12న మొదలవుతుంది. ఆ తేదీ దగ్గరపడేకొద్దీ వేట ఉండాలా వద్దా అన్న తగువు ఎలాగూ రాజుకుంటుంది. ఇప్పుడు దానికి తుపాకీ తగువు తోడైంది. వేట తూటాల్లో సీసం గుళ్లను నిషేధిస్తామని 2025 జూలైలో అక్కడి ప్రభుత్వం ప్రకటించింది. మారడానికి మూడేళ్ల గడువిచ్చింది. తాతల నాటి డబుల్ బ్యారెల్ తుపాకులు గోడకు తగిలించుకోవడానికి తప్ప పనికిరాకుండా పోతాయని వాటి యజమానుల గోడు.

గ్రౌజ్‌ల కోసం బీళ్లలోని హెదర్ పొదలు తగలబెట్టడం, వాటిని తినే హారియర్ గద్దలను చంపడం, బీళ్లన్నీ కొద్దిమంది భూస్వాముల చేతుల్లో ఉండటం గురించి ఇప్పటికే చాలా రాశారు. తుపాకీ గొడవ అర్థం కావాలంటే 19వ శతాబ్దం రెండో సగంలోకి వెళ్లాలి.

అంతకుముందు వేటగాడు కుక్క వెంట నడిచేవాడు. పక్షి లేచి దూరంగా ఎగిరిపోతుంటే వెనక నుంచి కాల్చేవాడు. మందూ గుళ్లూ గొట్టం మూతి నుంచి కూరాలి కాబట్టి తొందరపడినా లాభం లేదు. 1851 లండన్ మహాప్రదర్శనలో ఫ్రాన్స్ వాడు లెఫోషే వెనక నుంచి తూటా పెట్టే తుపాకీ చూపించాడు. ఆ పద్ధతిని ఇంగ్లీషు తుపాకీ పనివాళ్లు అందిపుచ్చుకున్నాక వేట తీరే మారిపోయింది. వేటగాడు మాటులో నిలబడతాడు, జెండాలు పట్టుకున్న కూలీలు పక్షులను అతని మీదికి తోలతారు. ఒక తుపాకీ కాలుస్తుంటే పక్కనున్న మనిషి రెండోది నింపి అందిస్తాడు. 1888 ఆగస్టు 30న యార్క్‌షైర్‌లోని బ్లబ్బర్‌హౌసెస్ బీడులో లార్డ్ వాల్సింగ్‌హామ్ ఒక్కడే 1,070 గ్రౌజ్‌లను కూల్చాడు.

ఈ వేటలో గురి చూసే వ్యవధి ఉండదు. గ్రౌజ్ నేల వాలును అంటిపెట్టుకుని, గాలి తోడైతే ఇంకా వేగంగా, ఎదురుగా దూసుకొస్తుంది. కన్ను పక్షి మీదే ఉండాలి, తుపాకీ భుజానికి చేరేసరికి గొట్టాలు కన్ను చూస్తున్న వైపే ఉండాలి. అందుకే తుపాకీకి దర్జీ కొలతలు వచ్చాయి. ట్రిగ్గర్ నుంచి స్టాక్ (భుజానికి ఆన్చే చెక్క భాగం) చివరిదాకా ఎంత పొడవు, చెంప ఆనే చోట ఎంత పల్లం, పక్కకు ఎంత వంపు అన్నీ మనిషిని బట్టే. 1880ల చివరికి కీళ్లున్న స్టాక్‌తో కొలతల తుపాకీ కూడా వచ్చింది. దాన్ని అటూ ఇటూ జరిపి, ఇనుప పలక మీద కాల్పించి లెక్క తేల్చేవారు. 16 గజాల దూరంలో గుళ్ల గుంపు అంగుళం తప్పితే స్టాక్‌ను అంగుళంలో 16వ వంతు సవరించాలి. ఈ లెక్క ఇప్పటికీ నడుస్తోంది.

పొద్దస్తమానం ఎత్తీ దించీ కాల్చాలంటే తుపాకీ తేలిగ్గా ఉండాలి. అందుకని మూడు కిలోలకు అటూఇటూగా, పలచని గొట్టాలతో చేశారు. 1870ల్లో గ్రీనర్ లాంటివాళ్లు గొట్టం చివర కొద్దిగా ఇరుకు చేసే చోక్‌ను స్థిరపరిచారు. ఇదంతా మెత్తటి సీసానికి తగ్గట్టు చేసిన పని. సీసం బదులు వాడే ఉక్కు గుండు నలగదు. ఇరుకు దగ్గర గొట్టాన్నే ఉబ్బించే ప్రమాదముంది. పైగా సాంద్రత సీసానికి 11.3 అయితే ఉక్కుకు 7.8. దాంతో ఉక్కు గుండు త్వరగా ఊపు కోల్పోతుంది. ఒంటికి సరిపోయేలా చెక్కించిన తుపాకీని మా చేతులతోనే పాడుచేసుకోమంటారా అని యజమానులు అడుగుతున్నారు.

అడగాల్సిన ప్రశ్నే. కానీ గడువు చాలదనడం వేరే సంగతి. ఇంగ్లండ్‌లో సముద్రపు ఒడ్డున, కొన్ని రక్షిత ప్రాంతాల్లో, నీటిపక్షుల మీద సీసం వాడకాన్ని 1999లోనే నిషేధించారు. బీళ్ల మీద వేటాడేవాళ్లు అది తమది కాదనుకున్నారు. కానీ రాలిన గుళ్లను ఇసుకరాళ్లనుకుని గ్రౌజ్‌లూ మింగుతాయి, సీసం వాటికి విషం. 2020 ఫిబ్రవరిలో తొమ్మిది వేట సంఘాలు కలిసి, అయిదేళ్లలో సీసాన్ని తామే మానేస్తామని మాటిచ్చాయి. అయిదో సీజన్‌లో పరిశోధకులు ఫెజెంట్ పక్షుల మాంసం కొని చూస్తే, గుళ్లు దొరికిన వాటిలో 99 శాతం సీసంతో చంపినవే. చట్టం తేవాల్సి వచ్చింది ఎందుకో వేరే చెప్పక్కర్లేదు.

ఇంతకీ గ్రౌజ్‌కు బిగువైన చోక్ అవసరమూ తక్కువే, దాన్ని ఎక్కువగా దగ్గర్లోనే కాలుస్తారు. నైట్రో మందుకు (పొగరాని కొత్త తరం తుపాకీ మందు) గొట్టం తట్టుకుంటుందో లేదో చూసే ప్రూఫ్ పరీక్ష నెగ్గి, సగం చోక్ మించని తుపాకీలో తూటా పొడవు సరిపోతే మామూలు ఉక్కు తూటాలు వాడొచ్చన్నది అక్కడి సాధారణ మార్గదర్శకం. చోక్ ఎక్కువుంటే పనివాడు సడలిస్తాడు, స్టాక్ జోలికి వెళ్లాల్సిన పనే లేదు. నిజంగా ఇరుక్కునేవి డమాస్కస్ గొట్టాల (ఇనుము, ఉక్కు పట్టీలను మెలిపెట్టి అతికించిన పాతకాలపు గొట్టాలు) తుపాకులు, గోడలు మరీ పలచబడినవి. పరీక్ష చెల్లుబాటులో ఉన్నంతవరకు వాటికి బిస్మత్ అనే లోహపు గుళ్లు ఉన్నాయి. ఆ లోహం ఉక్కు కన్నా మెత్తన, సాంద్రత 9.7 దాకా, ధర మాత్రం చాలా ఎక్కువ. కుక్క వెంట నడిచేవాడు రోజంతా కలిపి కాల్చేది కొద్ది తూటాలే. మాటులో నిలబడి వందలు కాల్చేవాడు ఆ రోజుకే వేల పౌండ్లు కట్టి వచ్చాడు. తూటా ధర మీద ఎక్కువ గొంతు వినిపిస్తున్నది ఈ రెండో మనిషిదే!

సవరించిన తుపాకీ అమ్మకం సంగతి ఇంకా తేలాల్సి ఉంది. సవరించాక గొట్టం బాగా బలహీనపడితే లండన్‌లోనో బర్మింగ్‌హామ్‌లోనో మళ్లీ ప్రూఫ్ పరీక్ష నెగ్గాలి. ఆ ముద్ర లేకుండా అక్కడ తుపాకీ అమ్మడం 1868 నాటి చట్టం ప్రకారం నేరం.