"ఓర్చుకో తల్లీ" అనకండి: పాలిచ్చే అమ్మల గురించి అపోహలు - వాస్తవాలు

విశాఖలో ప్రసూతి వార్డు నర్సుగా మొదలుపెట్టాను. ఇప్పుడు బాలింతల ఇళ్లకి వెళ్లి బిడ్డకి పాలు పట్టడంలో సాయం చేస్తుంటాను. గాజువాకలో అపార్ట్‌మెంట్ అయినా, జాలారిపేటలో చిన్న ఇల్లయినా తరచూ కనిపించేది ఒకటే. ఫ్యాను ఆపేసిన గది, చెవుల్లో దూది, పక్కన అరగ్లాసు నీళ్లు, పంటి బిగువున నొప్పి ఆపుకుంటూ పాలిస్తున్న తల్లి. బిడ్డ తాగిందా, పడుకుందా అని అందరూ అడుగుతారు గానీ నీకెలా ఉందమ్మా అని ఆమెని అడిగేవాళ్లు తక్కువ. అందుకే ఇది ఆమె కోసం రాస్తున్నాను.

అపోహ: మొదట్లో నొప్పి మామూలే, ఓర్చుకోవాలి

తొలి రోజుల్లో బిడ్డ పట్టుకోగానే కాసేపు లాగినట్టు అనిపిస్తే అది వేరు. తాగినంతసేపూ నొప్పి ఉండి, చనుమొన పగిలి రక్తం వస్తుంటే మాత్రం ఓర్చుకోవాల్సిన పని లేదు, చాలాసార్లు బిడ్డ పట్టు సరిగ్గా కుదరకపోవడమే దానికి కారణం. చనుమొన ఒక్కటే నోట్లో ఉంటే అది చిగుళ్ల మధ్య నలిగిపోతుంది, బిడ్డకి పాలూ సరిగ్గా అందవు. బిడ్డ ఆవలించినంత పెద్దగా నోరు తెరిచాకే రొమ్ముకి దగ్గరగా తీసుకోండి. గడ్డం రొమ్ముకి ఆనాలి, కింది పెదవి బయటికి తిరిగి ఉండాలి, చనుమొన చుట్టూ ఉండే నల్లటి భాగం కింది వైపు ఎక్కువగా నోట్లోకి వెళ్లాలి. కుదరలేదా, లాగేయకండి. శుభ్రమైన చిటికెన వేలు బిడ్డ నోటి మూలలో పెట్టి పట్టు వదిలించి మళ్లీ మొదలుపెట్టండి, పదిసార్లయినా ఫర్వాలేదు.

నడుం నొప్పికి కూడా మూలం ఇక్కడే. మీరు బిడ్డ మీదకి వంగకండి, ఒళ్లో దిండు పెట్టుకుని బిడ్డనే మీ ఎత్తుకి తెచ్చుకోండి. సిజేరియన్ అయినవాళ్లు పక్కకి తిరిగి పడుకుని ఇస్తే కుట్ల మీద బరువు పడదు.

అపోహ: బాలింత నీళ్లు తాగకూడదు, పెరుగు తింటే బిడ్డకి రొంప

మే నెలలో మన ఊరి ఉక్కపోత సంగతి తెలిసిందే కదా, ఆ చెమటలో దాహం చంపుకుని కూర్చోబెడితే తల్లికి తలనొప్పి, నీరసం, మలబద్ధకం. దాహం వేసినప్పుడల్లా తాగాలి, పాలిచ్చే ప్రతిసారీ పక్కన ఒక గ్లాసు పెట్టుకుంటే గుర్తుంటుంది. అలాగని దాహానికి మించి బిందెలు తాగినా పాలు పెరగవు. మూత్రం ముదురు పసుపుగా వస్తుంటే నీళ్లు చాలడం లేదని అర్థం. రొంప వైరస్ వల్ల వస్తుంది. తల్లి తిన్న పెరుగు వల్ల కాదు, జలుబుతో చూడటానికి వచ్చి బిడ్డని ముద్దు పెట్టుకునేవాళ్ల వల్ల.

పథ్యం పేరుతో నెలల తరబడి కారప్పొడి అన్నం, వేయించిన వెల్లుల్లితో సరిపెట్టడం నాకు చాలా బాధ కలిగిస్తుంది. మొదటి ఆరు నెలలు పాలిచ్చే తల్లికి రోజుకి అదనంగా 600 కేలరీలు కావాలని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ చెబుతోంది. అంటే మామూలుగా తినేదానికంటే ఆమె కంచంలో ఎక్కువ ఉండాలి. పప్పు, గుడ్డు, ఆకుకూర, పెరుగు, పండ్లు అన్నీ తినొచ్చు. వెల్లుల్లి, మునగాకు మంచివే, మానక్కర్లేదు, కానీ అవే భోజనం కాదు. ఐరన్ మాత్రలు కాన్పుతో ఆపేస్తున్నారు, ప్రసవం తర్వాత కూడా 180 రోజులు వేసుకోవాలి.

అపోహ: పాలసొర చేప తింటే పాలు పడతాయి

మన తీరంలో ఇది ఎంత బలమైన నమ్మకమో నాకు తెలుసు. ఫిషింగ్ హార్బర్‌కి పొద్దున్నే వెళ్లి వెతికి మరీ సొర తెచ్చి పుట్టు చేసిపెట్టే అత్తగార్లని చూశాను, ఆ ప్రేమని తప్పుపట్టను. కానీ సొర పెద్ద వేటచేప. చిన్న చేపల్ని తిని బతికే కొద్దీ దాని ఒంట్లో పాదరసం పేరుకుంటుంది, అందుకే పాలిచ్చే తల్లులు తినకూడని చేపల్లో సొర ఉంది. ప్రోటీనే కావాలంటే కవళ్లు, నెత్తళ్లు, కానాగంతలు తెచ్చిపెట్టండి. చవక, మంచివి, పాదరసం తక్కువ. పాలు పెరగడానికి అసలు దారి మాత్రం బిడ్డ తరచుగా, సరైన పట్టుతో తాగడమే. రొమ్ము ఖాళీ అయ్యేకొద్దీ కొత్త పాలు తయారవుతాయి. చాలుతున్నాయో లేదో తెలియాలంటే అయిదో రోజు దాటాక 24 గంటల్లో కనీసం 6 సార్లు మూత్రం పోస్తుందా, రెండు వారాలకల్లా పుట్టినప్పటి బరువుకి చేరిందా చూడండి. కాకపోతే డాక్టర్‌కి చూపించండి. రొమ్ము సైజుకీ పాలు చాలడానికీ సంబంధం లేదు.

అపోహ: గడ్డ కడితే నూనె రాసి గట్టిగా పిసకాలి

ఇది నిజంగా ప్రమాదం. లోపల వాచి ఉన్న చోట పిసికితే వాపు పెరుగుతుంది. చల్లటి గుడ్డ వేయండి, బిడ్డకి ఎప్పటిలాగే పాలివ్వండి, రొమ్ము పూర్తిగా ఖాళీ చేయాలని పంపుతో అదే పనిగా తీయకండి. నొప్పికి పారాసెటమాల్ మామూలు మోతాదులో పాలిచ్చేవాళ్లూ వేసుకోవచ్చు. చలి జ్వరం వచ్చినా, ఎరుపు ఒక రోజులో తగ్గకపోయినా డాక్టర్ దగ్గరికి వెళ్లండి. పాలిస్తున్నానని చెబితే దానికి తగ్గ మందే రాస్తారు, పాలు ఆపాల్సిన అవసరం మామూలుగా రాదు.

ఎండలో తిరిగొస్తే అవి వేడి పాలు అని మొదటి చుక్కలు పిండి పారబోయడం కూడా అనవసరం, పాలు ఎప్పుడూ ఒంటి వేడితోనే ఉంటాయి. పాలిస్తున్నంత కాలం గర్భం రాదనేది కూడా పూర్తి నిజం కాదు. బిడ్డకి ఆరు నెలలు నిండకుండా, నెలసరి మొదలవకుండా, రాత్రీ పగలూ తల్లిపాలే ఇస్తున్నప్పుడు మాత్రమే ఆ రక్షణ ఉంటుంది.

అపోహ: బాలింత ఏడిస్తే పాలు విరిగిపోతాయి

విరగవు. టెన్షన్‌లో పాలు చేపడం కాసేపు ఆలస్యమవుతుంది, అంతే. మొదటి వారంలో ఊరికే ఏడుపు రావడం చాలామందికి ఉంటుంది. రెండు వారాలు దాటినా ఏడుపు తగ్గకపోతే, బిడ్డ పడుకున్నా తనకి నిద్ర పట్టకపోతే, అది చికిత్సతో తగ్గే జబ్బు కావచ్చు. మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబర్ 14416, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. తననో బిడ్డనో ఏదైనా చేసుకోవాలన్న ఆలోచన వస్తుందని చెబితే మాత్రం ఒంటరిగా వదలకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఆమే ఫోన్ చేయాలని చూడకండి. భర్తయినా, అమ్మయినా, అత్తగారైనా ఆ నంబర్‌కి చేయొచ్చు.