కవుల ఉత్తరాలు ఎవరివి? పాత పెట్టెల గొడవకు నేపథ్యం

నగరంలో ఒక చిన్న కవితా పత్రిక కాగితాల మీద గొడవ మళ్లీ మొదలైంది. సంపాదకుడు పోయాక ఇంట్లో మిగిలిన పెట్టెల్లో కవుల ఉత్తరాలు, కొట్టివేతలతో నిండిన రాతప్రతులు, ప్రూఫులు, చందాల పుస్తకాలు ఉన్నాయి. అన్నీ స్కాన్ చేసి నెట్‌లో పెడతామని ఆయన కుటుంబం అంటోంది. మా నాన్న రాసిన ఉత్తరాన్ని మమ్మల్ని అడగకుండా ఎలా పెడతారని కవుల పిల్లలు అడుగుతున్నారు.

1934లో 354 మంది కవులతో వచ్చిన గోలకొండ కవుల సంచిక దగ్గర్నుంచి మన పత్రికల కథ పాఠకులకు తెలిసిందే. ఇవాళ్టి తగాదా అర్థం కావాలంటే మాత్రం 2000 ఆగస్టు 24కు వెళ్లాలి.

ఆ రోజు హైదరాబాద్‌లో 24 సెంటీమీటర్ల వాన పడింది. బాగ్‌లింగంపల్లిలోని సుందరయ్య విజ్ఞాన కేంద్రం అనే లైబ్రరీని వరద ముంచింది. అబ్దుస్ సమద్ ఖాన్ ఏళ్ల తరబడి పోగుచేసిన ఉర్దూ పుస్తకాలు, పత్రికలు అప్పటికి అక్కడే ఉన్నాయి. షికాగో విశ్వవిద్యాలయం చొరవతో ఆ సేకరణ అక్కడికి చేరి ఎన్నో ఏళ్లు కాలేదు. పదిలంగా ఉంటాయని తెచ్చిపెట్టిన చోటే తడిసిపోయాయి. చిన్న పత్రిక కొన్ని వందల ప్రతులే వేస్తుంది, అందులో మిగిలేవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఉత్తరమైతే ఉండేదే ఒకటి.

అలాంటి నష్టం చూశాక పుస్తకాల మీద ప్రేమ ఉన్నవాళ్లకు స్కానింగ్ ఒక్కటే దిక్కుగా కనిపించింది. ఆ భయం న్యాయమైనదే. కానీ అంతకుముందు కాగితాలు లైబ్రరీకి ఇస్తే, కావలసినవాళ్లు అక్కడికే వెళ్లి, రిజిస్టర్‌లో సంతకం పెట్టి, బల్ల ముందు కూర్చుని చదివేవాళ్లు. పీడీఎఫ్‌లు వచ్చాక భద్రపరచడమంటే అందరి ముందూ పెట్టడమే అన్నట్టయింది. నా దృష్టిలో గొడవంతా ఇక్కడే పుట్టింది.

కవుల కుటుంబాల బాధ వినండి. ఆ ఉత్తరాల్లో కవిత్వం ఒక్కటే లేదు. చేబదుళ్లు, అనారోగ్యాలు, తోటి కవి మీద కోపం, ట్రాన్స్‌ఫర్ టెన్షన్ అన్నీ ఉన్నాయి. ఇప్పుడే వేయొద్దు, మళ్లీ రాసి పంపుతానంటూ రాసిన కవితలూ ఉన్నాయి. కవి వద్దనుకున్న రూపాన్ని ఆయన లేనప్పుడు బయటపెట్టడం తప్పు కాదా? 1957 కాపీరైట్ చట్టం కూడా వీళ్ల వైపే ఉంది. కాగితం అందుకున్నవారిది, అందులోని రాత రాసినవారిది, ఆ తర్వాత వారసులది. లైబ్రరీలో ఉన్న అచ్చుకాని రచనకు పరిశోధన కోసం నకలు తీయాలన్నా, రాసిందెవరో తెలిసినప్పుడు, ఆయన పోయి 60 ఏళ్లు దాటాలి. పారితోషికమే ఇవ్వలేని చిన్న పత్రికలు కవులతో ఒప్పందాలు రాసుకోవడం ఎక్కడిది? అలా రాసుకోకపోతే అచ్చయిన కవిత మీదా హక్కు కవిదే.

కాగితాలు చెదల పాలవుతాయని సంపాదకుడి కుటుంబం అంటోంది, అదీ నిజమే. దానికి చట్టంలో 2012 సవరణ దారి చూపింది. లాభాపేక్ష లేని పబ్లిక్ లైబ్రరీ తన దగ్గరున్న ప్రతిని భద్రత కోసం ఎలక్ట్రానిక్ రూపంలో దాచుకోవచ్చు. ఆ వెసులుబాటు ఇళ్లకు లేదు, కాబట్టి పెట్టెలు ముందు లైబ్రరీకి చేరాలి. దీనికి కవుల పిల్లలు ఎవరూ అడ్డు చెప్పడం లేదు. పెట్టెలు లైబ్రరీకి అప్పగిస్తూ సంతకం చేయాల్సింది సంపాదకుడి కుటుంబమే.