ప్రీ-సీజన్ క్యాంప్‌లో ఫుట్‌బాల్ ఆటగాళ్ల ఫామ్, గాయాలు: అపోహలు - వాస్తవాలు

సీజన్‌కు ఐదారు వారాల ముందు మొదలయ్యే క్యాంప్ రోజులే జట్టు ఫిజియోగా నాకు ఏడాదిలో అన్నిటికన్నా టెన్షన్. ఒక్కో ఆటగాడి గురించి అందరూ తీర్పు చెప్పేసేది అప్పుడే. ఆ తీర్పులకు భయపడి ఆటగాళ్లు గాయాలు దాచేదీ అప్పుడే.

అపోహ: మొదటి వారం పరుగులో వెనకబడినవాడు సెలవుల్లో ఒళ్లు వదిలేశాడు.

అన్నిసార్లూ కాదు. జాతీయ జట్టుకు ఆడి వచ్చినవాడికి సెలవులే ఆలస్యంగా మొదలవుతాయి, అందుకని క్యాంప్‌కూ ఆలస్యంగానే వస్తాడు. ఎండకు అలవాటుపడటానికి ఎవరి శరీరానికైనా 10 నుంచి 14 రోజులు పడుతుంది. అప్పటిదాకా అదే వేగంతో పరుగెత్తినా గుండె ఎక్కువ కొట్టుకుంటుంది. పైగా మైదానం అంచుల్లో మెరుపులా దూసుకెళ్లే వింగర్ దూరపు పరుగులో, మధ్యలో ఆడే మిడ్‌ఫీల్డర్ వెనక ఉండటం మామూలే.

అందుకే నేను ఆటగాణ్ణి పక్కవాడితో పోల్చను. మొదటి రోజు, పదో రోజు ఒకే పరుగు ఒకే వేగంతో చేయించి, గుండె వేగం ఎంత తగ్గిందో, ఆగిన తర్వాత నిమిషంలో ఎంతకు దిగిందో చూస్తాను. సెషన్ అయ్యాక ఎంత కష్టమనిపించిందో 10కి ఒక అంకె చెప్పమంటాను. దాన్ని నిమిషాలతో గుణిస్తే ఆ రోజు భారం తెలుస్తుంది. 60 నిమిషాల సెషన్‌కు 7 అంటే 420. పోయిన వారం 5 ఇచ్చినవాడు అదే సెషన్‌కు ఈ వారం 8 ఇస్తే బద్ధకం అనుకోను. నిద్ర, జ్వరం, దాచిన నొప్పి, ఈ మూడింటి గురించీ అడుగుతాను.

అపోహ: ఆటగాడు ఒంటికి కట్టుకునే జీపీఎస్ పరికరంలో ఎక్కువ కిలోమీటర్లు చూపిస్తే బాగా ఆడినట్టే.

మిడ్‌ఫీల్డర్ 90 నిమిషాల్లో 10 నుంచి 13 కిలోమీటర్లు పరుగెత్తడం సాధారణం. చోటు తప్పి నిలబడి, దాన్ని సరిచేసుకోవడానికి పరుగెత్తినా కిలోమీటర్లు పెరుగుతాయి కదా!

అపోహ: సీజన్ ముందు సన్నాహానికి ఆడే ఫ్రెండ్లీ మ్యాచ్ ఫలితం చూస్తే సీజన్ ఎలా ఉంటుందో తెలుస్తుంది.

చాలా ఫ్రెండ్లీలు బరువెక్కిన కాళ్లతోనే ఆడతారు. ఉదయం శిక్షణ చేసి సాయంత్రం మ్యాచ్ ఆడే రోజులూ ఉంటాయి. సగంలో పదకొండు మందినీ మార్చేస్తారు. స్కోరు పక్కనపెట్టి బంతి పోయిన మరుక్షణం ఆటగాడు ఏం చేస్తున్నాడో చూడండి. అలసటలోనూ మారని అలవాటు అది.

అపోహ: క్యాంప్‌లో నొప్పులు మామూలే, ఓర్చుకుని ఆడాలి.

అన్నిటికన్నా నష్టం చేసే మాట ఇదే. సగం నిజం కావడం వల్ల ఇంకా ప్రమాదం. కొత్త వ్యాయామం తర్వాత వచ్చే ఒళ్లునొప్పి మరుసటి రోజు మొదలై రెండు మూడు రోజుల్లో తగ్గుతుంది. మామూలుగా రెండు కాళ్లకూ ఉంటుంది, ఒళ్లు వేడెక్కితే సడలుతుంది. కండరం చిరిగితే వచ్చే నొప్పి వేరు. ఒక్కసారిగా, ఒకవైపే వస్తుంది. చాలామంది దాన్ని వేలుపెట్టి చూపించగలరు.

కొన్నేళ్ల కిందట జట్టులో చోటు కోసం పోరాడుతున్న ఒక కుర్ర వింగర్ తొడ వెనక చెయ్యి పెట్టుకుని కనిపించాడు. అడిగితే "ఏం లేదు సార్, కొంచెం పట్టేసింది" అన్నాడు. రెండోసారి గట్టిగా అడగలేదు. ఆ తప్పు నాది. రెండు రోజుల తర్వాత ఫ్రెండ్లీలో పూర్తి వేగంతో పరుగెత్తబోతే హామ్‌స్ట్రింగ్ (తొడ వెనక కండరం) చిరిగింది. మొదటి రోజే చెప్పి ఉంటే వారంలో తేలిపోయేదేమో. చివరికి మొదటి రెండు నెలల సీజన్ పోయింది. ఆ కుర్రాణ్ణి తప్పుపట్టను. చెబితే చోటు పోతుందనే భయం మనం పెట్టిందే. ఇప్పుడు రోజూ పొద్దున అందరి తొడ కండరాల బలం కొలుస్తాను. తన మామూలు అంకె కన్నా తగ్గితే, నోటితో ఏం చెప్పినా, ఆ రోజు స్ప్రింట్లు ఉండవు.

యూరప్ పెద్ద క్లబ్బుల్లో 2001 నుంచి సాగుతున్న యూఈఎఫ్‌ఏ (యూరప్ ఫుట్‌బాల్ సమాఖ్య) అధ్యయనంలో మొత్తం గాయాల్లో హామ్‌స్ట్రింగ్ వాటా 12 శాతం నుంచి 24 శాతానికి చేరింది. నార్డిక్ వ్యాయామం (మోకాళ్లపై నిలబడి, మడమలను ఒకరు పట్టుకుంటే ఒళ్లు నెమ్మదిగా ముందుకు వాల్చడం) క్రమం తప్పకుండా చేస్తే వీటిని దాదాపు సగానికి తగ్గించవచ్చు. తొడ ముందు కండరం గాయాలు మాత్రం ప్రీ-సీజన్‌లోనే ఎక్కువ. నా అనుభవంలో కారణం మొదటి వారంలోనే దూరం నుంచి వరుసగా కొట్టే షాట్లు.

అపోహ: నొప్పి పోయి, స్కాన్ బాగుంటే ఆడించవచ్చు.

స్కాన్ కండరాన్ని చూపిస్తుందే తప్ప బలాన్ని చూపించదు. పూర్తి వేగంతో పరుగెత్తి, ఆగి, తిరిగి, మర్నాడు కూడా అదే చేయగలగాలి. మోకాలి ఏసీఎల్ (కీలు లోపల ఎముకలను పట్టి ఉంచే లిగమెంట్) సర్జరీ అయినవాణ్ణి 9 నెలలలోపు దింపితే మళ్లీ గాయపడే ముప్పు బాగా పెరుగుతుంది. క్యాంప్ తేదీ వచ్చిందని మోకాలు తొందరపడదు.

అపోహ: స్పృహ తప్పలేదు కాబట్టి తలదెబ్బ చిన్నదే.

కంకషన్ (తలదెబ్బకు మెదడు అదిరి పనితీరు దెబ్బతినడం) వచ్చినవాళ్లలో ఎక్కువమంది స్పృహ తప్పరు. అనుమానం వస్తే ఆ రోజు ఆట ఆపేయాల్సిందే. దీనిమీద కోచ్‌తో బేరం లేదు.

అపోహ: కొందరి ఒళ్లే గాజు, వాళ్లు ఎప్పుడూ గాయాల పాలే.

పాత గాయం కొత్త గాయానికి పెద్ద కారణమన్నది నిజమే. అయితే ఇలాంటివాళ్ల రికార్డు తిరగేస్తే చాలాసార్లు ఒకటే కనిపిస్తుంది. గాయం వల్ల క్యాంప్ సగం పోతుంది, శరీరం సిద్ధం కాకుండానే సీజన్‌లోకి వస్తారు, మళ్లీ గాయం. ప్రీ-సీజన్ శిక్షణ ఎక్కువగా చేసిన జట్లకు సీజన్‌లో గాయాలు తక్కువని అదే యూరప్ అధ్యయనంలో తేలింది. అలాంటి ఆటగాడు వస్తే నేను కోచ్‌ను అడిగేది ఒక్కటే: మొదటి రెండు మ్యాచ్‌లు వదిలేసి, పోయిన ఆ మూడు వారాల శిక్షణ ముందు పూర్తి చేయనివ్వమని.