పసిపిల్లల చదువుపై సలహా మండళ్లు: అపోహలు – వాస్తవాలు

పుట్టిన నాటి నుంచి బడిలో చేరే వయసు దాకా పిల్లల సంరక్షణ, చదువు మెరుగుపడేందుకు ప్రభుత్వాలు నియమించే సలహా మండళ్లలో నేను చాలా ఏళ్లుగా కార్యాలయ పక్షాన పనిచేస్తున్నాను. ఎజెండా సిద్ధం చేయడం, శాఖల వెంటపడి లెక్కలు తెప్పించడం, సమావేశం ముగిశాక మినిట్స్ రాసి సభ్యుల ఆమోదానికి పంపడం నా పని. ఈ మండళ్ల గురించి బయట వినిపించే మాటల్లో కొన్ని వీటిని ఆకాశానికెత్తేవి, మరికొన్ని ఇవి దేనికీ కొరగావని కొట్టిపారేసేవి. మండలి చేతిలో ఏముందో, ఏది లేదో తెలియక పుట్టినవే ఈ రెండు రకాల మాటలూ.

అపోహ: మండలి చెప్పిందంటే ప్రభుత్వం చేసి తీరాలి, చేయనక్కర్లేదంటే ఆ మండలి ఉన్నా లేనట్టే.

వాస్తవం: సిఫార్సును పూర్తిగా తీసుకోవడం, కొంత తీసుకుని కొంత వదిలేయడం, మొత్తంగా పక్కన పెట్టడం ప్రభుత్వం ఇష్టం. అయినా ఒక సిఫార్సు ఒక పథకం రూపురేఖలను దశాబ్దాల పాటు నిలబెట్టగలదు. అమెరికాలో పేద కుటుంబాల పసిపిల్లల కోసం ప్రభుత్వం నడిపే హెడ్ స్టార్ట్ పథకం పుట్టుకను చూడండి. 1965 ఆరంభంలో పిల్లల వైద్యుడు రాబర్ట్ కుక్ అధ్యక్షతన కూర్చున్న ప్రణాళికా సంఘం, పేద కుటుంబాల పిల్లలకు చదువు చెప్పడం ఒక్కటే చాలదని, దానితో పాటు వైద్యం, పోషకాహారం, తల్లిదండ్రుల భాగస్వామ్యం ఒకే గొడుగు కింద ఉండాలని చెప్పింది. ఆ మాట నిలిచింది, ఆ పథకం నేటికీ అదే తీరున నడుస్తోంది. ముందు చిన్నగా మొదలుపెట్టి చూడాలన్నది కూడా ఆ సంఘంలోని నిపుణుల అభిప్రాయమే. ఆ మాట మాత్రం నిలవలేదు. ఆ వేసవిలోనే ఎనిమిది వారాల కార్యక్రమంలో 5 లక్షల మందికి పైగా పిల్లలను చేర్చుకున్నారు. సంఘం ఒకటే, చెప్పినవారు వారే, ఒక సలహా చట్టమంత బలంగా నిలిస్తే మరొకటి గాలికి పోయింది.

ఇక్కడ చట్టంలోని క్రియాపదాలను జాగ్రత్తగా చదవాలి. భారతదేశంలో 2009 నాటి విద్యాహక్కు చట్టం 33, 34 సెక్షన్లు జాతీయ, రాష్ట్ర సలహా మండళ్లను 15 మందికి మించని సభ్యులతో ఏర్పాటు ‘చేయాలి’ అంటాయి. అదే చట్టంలోని 11వ సెక్షన్ మూడేళ్లు దాటిన పిల్లలను ప్రాథమిక విద్యకు సిద్ధం చేసే ఏర్పాట్లు ప్రభుత్వం ‘చేయవచ్చు’ అంటుంది. అంటే సలహా చెప్పేవారు ఉండటం తప్పనిసరి, పసిపిల్లలకు బడి ఉండటం ఐచ్ఛికం. మండలి సభ్యులకు నేను మొదటి రోజే ఈ రెండు పేజీలూ పక్కపక్కన పెట్టి ఇస్తాను.

అపోహ: మండలి అంటే ప్రొఫెసర్లు, మనస్తత్వ నిపుణులు కూర్చునే చోటు.

వాస్తవం: వారు ఉండాలి, వారొక్కరే ఉంటే పని నడవదు. హెడ్ స్టార్ట్ చట్టాన్ని 2007లో సవరించినప్పుడు ప్రతి రాష్ట్ర గవర్నరూ పసిపిల్లల విద్య, సంరక్షణపై ఒక సలహా మండలిని ఏర్పాటు చేయాలని, లేదా ఉన్న మండలికే ఆ బాధ్యత అప్పగించాలని నిర్దేశించారు. అందులో ఎవరెవరు ఉండాలో కూడా రాశారు: పిల్లల సంరక్షణ చూసే శాఖ, విద్యాశాఖ, స్థానిక విద్యాసంస్థలు, ఉన్నత విద్యాసంస్థలు, స్థానికంగా కేంద్రాలు నడిపేవారు, హెడ్ స్టార్ట్ సంస్థలు, వైకల్యం ఉన్న పిల్లలకు సేవలందించే విభాగం, ఆరోగ్య లేదా మానసిక ఆరోగ్య శాఖ. ఈ జాబితా రాసినవారికి పసిపిల్లల సంగతి బాగా తెలుసు.

కాగితం మీద ఉన్న జాబితాకూ కుర్చీల్లో కూర్చున్న మనుషులకూ తేడా ఉంటుందని మాత్రం చెప్పక తప్పదు. సభ్యత్వానికి చాలాచోట్ల జీతం ఉండదు, ప్రయాణ ఖర్చులూ భత్యమూ దక్కుతాయి. శాఖాధికారికి సమావేశం డ్యూటీ కిందే లెక్క కాబట్టి ఆయనకు నష్టమేమీ లేదు. కేంద్రంలో పిల్లలను చూసుకునే ఆయా గానీ టీచరు గానీ రావాలంటే ఆ రోజు తన బదులు మరొకరు ఉండాలి, లేకపోతే కేంద్రం మూతపడుతుంది. మా దగ్గర ఒకసారి వరసగా మూడు సమావేశాలకు టీచర్ల ప్రతినిధి కుర్చీ ఖాళీగా ఉంది. ఆసక్తి లేదేమోనని ఒక సభ్యుడు అన్నారు. ఫోన్ చేస్తే, బదులుగా మనిషిని పంపమని తాను రాసిన వినతి మా కార్యాలయంలోనే ఫైలు కింద పడి ఉందని ఆవిడ చెప్పారు. ఆ తప్పు మాది, మరీ చెప్పాలంటే నాది. అప్పటి నుంచి సమావేశం నోటీసుతో పాటే ప్రత్యామ్నాయ సిబ్బంది ఉత్తర్వు కూడా వెళుతోంది.

అపోహ: ఇది విద్యాశాఖ వ్యవహారం, మిగతా శాఖలను కూర్చోబెట్టడం కాలయాపన.

వాస్తవం: మా పనిలో అన్నిటికంటే కష్టమైనది, అన్నిటికంటే విలువైనది ఇదే. పిల్ల ఒక్కతే, ఫైళ్లు నాలుగు. పోషకాహారం ఒక శాఖది, టీకాలు మరో శాఖవి, బడి ఇంకో శాఖది, తల్లికి ప్రసూతి సెలవు ఇచ్చేది కార్మిక శాఖ చూసే చట్టం. భారతదేశపు 2020 జాతీయ విద్యా విధానం కూడా ఈ వయసు పిల్లల పాఠ్య ప్రణాళిక, అమలు బాధ్యతను విద్య, మహిళా శిశు అభివృద్ధి, ఆరోగ్యం, గిరిజన వ్యవహారాల శాఖలు కలిసి మోయాలంది, అందుకు ఉమ్మడి కార్యదళం ఉండాలంది. అంతకు ముందే, 2013 నాటి పూర్వ బాల్య సంరక్షణ, విద్య జాతీయ విధానం ఒక జాతీయ మండలిని ప్రతిపాదించింది.

అన్నీ ఒకే శాఖకు అప్పగిస్తే పోతుంది కదా అంటారు. న్యూజిలాండ్ 1986లో, స్వీడన్ 1996లో ఆ పని చేశాయి. స్వీడన్‌లో రెండేళ్లకే పూర్వ పాఠశాలకు జాతీయ పాఠ్య ప్రణాళిక కూడా వచ్చింది. మంచి పనే. అయినా టీకాలు వేసేది నర్సే, వినికిడి లోపాన్ని పట్టేది వైద్యుడే. శాఖలు కలిసినా, మాట్లాడుకోవాల్సిన అవసరం తగ్గుతుందే తప్ప పోదు.

లెక్కల సంగతి దగ్గరికి వస్తే ఈ మాట ఇంకా బాగా అర్థమవుతుంది. మండలి మొదటి పని అవసరాల మదింపు, అంటే ఎంతమంది పిల్లలున్నారు, ఎంతమందికి ఏ సేవ అందుతోంది, ఎవరికి అందడం లేదు అని తేల్చడం. ఒకసారి మూడు శాఖలు పంపిన లెక్కలను ఒకే షీటులో వేసి కూడితే, ఒక ప్రాంతంలో సేవలందుకుంటున్న పిల్లలు ఆ ప్రాంతంలో ఉన్న పిల్లల కంటే ఎక్కువగా తేలారు. ఎవరూ అబద్ధం రాయలేదు. పొద్దున ఒక కేంద్రంలో పోషకాహారం తీసుకున్న పిల్ల, మధ్యాహ్నం దాకా మరో కేంద్రంలో కూర్చున్న పిల్ల, నెలకోసారి ఆరోగ్య పరీక్షకు వెళ్లే పిల్ల ఒక్కతే. ఒక రిజిస్టరులో ఆమె ఇంటిపేరుతో ఉంది, ఇంకోదానిలో తల్లి పేరుతో ఉంది, మూడోదానిలో ముద్దుపేరుతో ఉంది. ముగ్గురు పిల్లలకు సేవ అందినట్టు మూడు శాఖలూ సంతోషించాయి, ఏ కేంద్రానికీ రాని పక్కింటి పిల్ల మాత్రం ఏ రిజిస్టరులోనూ లేదు. అమెరికాలో 2018లో రాష్ట్రాలకు ఇచ్చిన ప్రీస్కూల్ అభివృద్ధి గ్రాంట్లలో ఒక్కో పిల్లను ఒక్కసారే లెక్కించిన సంఖ్య చెప్పాలని ప్రత్యేకంగా అడగడానికి కారణం ఇదే. ఆ సంఖ్య తేలకుండా ‘కొరత లేదు’ అని ఏ మండలి రాసినా నేను నమ్మను.

అపోహ: చిన్నప్పుడు ఏదో ఒక కేంద్రానికి పంపితే చాలు, లాభం తప్పదని పరిశోధనలు తేల్చేశాయి.

వాస్తవం: ‘మొక్కై వంగనిది మానై వంగునా’ అన్న సామెత లేని ప్రారంభోపన్యాసం నేనింకా వినలేదు. నాకా పోలిక నచ్చదు, మొక్కను వంచడం మన పని కాదు. దాని వెంటనే వచ్చేది పెర్రీ ప్రీస్కూల్ అధ్యయనం. 1962 నుంచి 1967 వరకు మిచిగాన్ రాష్ట్రంలోని ఇప్సిలాంటిలో జరిగిన ఆ ప్రయోగంలో మొత్తం 123 మంది పిల్లలున్నారు, వారిలో కార్యక్రమంలో చేరినవారు 58 మంది. వారికి అర్హత గల టీచర్లు ఉన్నారు, ఒక్కో టీచరు దగ్గర కొద్దిమంది పిల్లలే ఉన్నారు, టీచరు వారం వారం ఇంటికి వెళ్లి తల్లితో కలిసి పనిచేశారు. ఆ పిల్లలు పెద్దయ్యాక చదువులో, సంపాదనలో కనిపించిన మేలును చూపించి, శిక్షణ లేని ఒక్క మనిషికి గది నిండా పిల్లలను అప్పగించే పథకానికి ఆమోదం అడగడం సరుకు ఒకటి చూపి మరొకటి అమ్మడమే.

ఇంకో వైపు అమెరికాలోని టెన్నెసీ రాష్ట్రపు ప్రీ-కె (బడిలో చేరడానికి ముందటి ఏడాది చదువు) కార్యక్రమంపై 2,990 మంది పిల్లలతో జరిగిన అధ్యయనం ఉంది. లాటరీలో సీటు దొరికి చేరిన పిల్లలు ఆరో తరగతికి వచ్చేసరికి, సీటు దొరకని పిల్లల కంటే పరీక్షల్లో వెనకబడి ఉన్నారని 2022లో ప్రచురితమైన ఫలితాలు చూపాయి. కార్యక్రమాలు మూసేయాలని దీని అర్థం కాదు. కేంద్రం లోపల ఏం జరుగుతోందో చూడకుండా చేరికల సంఖ్యను మాత్రమే పెంచితే ఏమవుతుందో అది చెబుతోంది. అందుకే మండలి సిఫార్సుల్లో నాణ్యత అన్న మాట కొలవడానికి వీలుగా ఉండాలి. ఆస్ట్రేలియా 2012 నుంచి అమలు చేస్తున్న జాతీయ నాణ్యతా చట్రంలో రెండేళ్లలోపు పిల్లలు నలుగురికి ఒక సంరక్షకురాలు ఉండాలన్న నియమం అలాంటిది. గోడ మీద బొమ్మలు వేయించడం కంటే అది ఖరీదైన సిఫార్సు, కాబట్టే దాన్ని రాయడానికి మండళ్లు జంకుతాయి.

అపోహ: ప్రజాభిప్రాయ సేకరణ సభలు మొక్కుబడి తంతు.

వాస్తవం: మొక్కుబడిగా పెడితే మొక్కుబడిగానే ఉంటాయి. ఒక సభకు మేము ప్రమాణాలపై పెద్ద ప్రశ్నావళి పట్టుకుని వెళ్లాం. వెనక వరసలోంచి ఒక తల్లి లేచి, “మీ కేంద్రం మధ్యాహ్నానికే మూసేస్తారు, నా పని సాయంత్రానికి గానీ కాదు. ఆ మధ్యలో నా పిల్లను ఎవరు చూస్తారో ఆ కాగితంలో ఎక్కడుందండీ?” అని అడిగింది. కాగితంలో లేదు. మేము విద్య గురించి ఇరవై ప్రశ్నలు రాసుకున్నాం, సంరక్షణ గురించి ఒక్కటీ రాసుకోలేదు. తర్వాతి నివేదికలో కేంద్రాల పనివేళల మీద ఒక అధ్యాయమే చేరింది.

సభ పెట్టే వేళ కూడా ఒక నిర్ణయమే. పనిదినం పొద్దున పదింటికి పెడితే తల్లులు రారు, సంఘాల నాయకులు వస్తారు.

అపోహ: నివేదిక సమర్పించడంతో మండలి పని పూర్తయినట్టే.

వాస్తవం: ఫొటో పూర్తవుతుంది. అమెరికాలో 2007 చట్టం కింద మండళ్లు వచ్చాక, 2009 ఆర్థిక పునరుద్ధరణ చట్టం నుంచి వాటికి 10 కోట్ల డాలర్లు కేటాయించారు, ఖర్చులో 70 శాతం రాష్ట్రాలే భరించాలన్నారు. సలహాకూ సిబ్బంది, సమయం, డబ్బు కావాలని ఒప్పుకోవడమే అందులో మెచ్చదగ్గ విషయం. ఆ గ్రాంట్ల గడువు మూడేళ్లే కావడం మరో విషయం.

నివేదిక ఎప్పుడు చేరుతుందన్నది అందులో ఏముందన్నంత ముఖ్యం. బడ్జెట్ అంచనాలు శాఖలో ఖరారయ్యాక వచ్చిన సిఫార్సు ఎంత గొప్పదైనా మరో ఏడాది ఆగాల్సిందే. అందుకే నేను ముసాయిదాలో ప్రతి సిఫార్సు పక్కనా మూడు గడులు పెడతాను: ఏ శాఖ చేయాలి, ఏ పద్దు కింద ఖర్చు రాయాలి, ఏ తేదీకి. మూడూ నింపలేని సిఫార్సును సభ్యులతో మళ్లీ చర్చకు పెడతాం, కొన్నిసార్లు అది అక్కడే ఆగిపోతుంది.

చర్యల నివేదిక కోసం శాఖలకు పంపే పట్టికలో ఒకప్పుడు ‘పూర్తయింది’, ‘జరుగుతోంది’, ‘పరిశీలనలో ఉంది’ అని మూడు ఎంపికలు ఉండేవి. వచ్చిన జవాబుల్లో మూడోదే ఎక్కువ. రెండేళ్ల క్రితం ఆ ఎంపికను తీసేసి, ‘చేయడం లేదు, కారణం’ అని ఖాళీ గడి పెట్టాను. మొదటి విడతలో ఒక శాఖ మా పట్టికను తిప్పి పంపింది, పాత నమూనాలో ఇవ్వమని. మేము ఇవ్వలేదు. రెండో విడతలో ఆ గడిలో ‘పోస్టులు మంజూరు కాలేదు’ అని రాసి వచ్చింది, మరుసటి సమావేశం ఎజెండాలో మొదటి అంశం అదే అయింది.